రాకెట్ ముఖం ఎటు చూస్తే బంతి అటు: టెన్నిస్ షాట్లలో ఫేస్ కోణాన్ని అదుపులో పెట్టుకునే సమగ్ర మార్గదర్శి

బంతి నెట్‌కి తగిలితే ఇంకా పైకి ఊపాలనుకుంటాం. బేస్‌లైన్ (కోర్టు చివరి అడ్డగీత) దాటితే కాస్త మెల్లగా కొట్టాలనుకుంటాం. రెండు తప్పులకీ ముందుగా చూడాల్సిన చోటు ఒకటే: బంతి తగిలిన క్షణంలో రాకెట్ ముఖం ఎంత వాలి ఉంది? ఊపు, బలం, స్పిన్ అన్నీ ముఖ్యమే. కానీ బంతి ఏ ఎత్తులో బయల్దేరాలో ఎక్కువ భాగం తేల్చేది తీగల వాలు. దాన్ని కొలవడం, అలవాటు చేసుకోవడం, తప్పినప్పుడు బంతి పోయిన తీరును బట్టి గుర్తుపట్టడం ఎలాగో వరుసగా చూద్దాం. ఇందులోని సూచనలు కుడిచేతి ఆటగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడమచేతి వాళ్లు దిక్కులు మార్చి చదువుకోవాలి.

ముందు మాటలు స్పష్టం చేసుకుందాం

తీగల తలం నేలకు నిట్టనిలువుగా ఉంటే కోణం 0 డిగ్రీలు. పై అంచు నెట్ వైపు ముందుకు వాలి, తీగలు కొద్దిగా నేలను చూస్తుంటే అది క్లోజ్డ్ ఫేస్. పై అంచు వెనక్కి పోయి తీగలు ఆకాశాన్ని చూస్తుంటే ఓపెన్ ఫేస్. ఇది నిలువు కోణం. ముఖం కుడికో ఎడమకో తిరిగి ఉండటం వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

డిగ్రీ అంటే కంటికి ఎంతో తెలియకపోతే ఈ అంకెలన్నీ వృథా. రాకెట్ తల వెడల్పు సుమారు 25 సెంటీమీటర్లు. ఒక డిగ్రీ వాలితే పై అంచుకీ కింది అంచుకీ మధ్య తేడా 4 మిల్లీమీటర్ల పైచిలుకు, 5 డిగ్రీలు వాలితే 2 సెంటీమీటర్ల చిల్లర. రెండు వేళ్ల మందం కూడా లేని ఈ తేడా షాట్‌ను ఎక్కడికి తీసుకుపోతుందో చూడండి.

కోర్టు ఇచ్చే సందు ఎంత?

బేస్‌లైన్ నుంచి నెట్‌కి 11.885 మీటర్లు, అవతలి బేస్‌లైన్‌కి 23.77 మీటర్లు. నెట్ ఎత్తు మధ్యలో 0.914 మీటర్లు, స్తంభాల దగ్గర 1.07. మీరు బేస్‌లైన్ మీద నిలబడి మీటరు ఎత్తులో బంతిని కొట్టారనుకోండి. గాలి నిరోధాన్నీ స్పిన్‌నూ పక్కన పెట్టి, గురుత్వాకర్షణతో మాత్రమే లెక్కిస్తే ఇలా తేలుతుంది.

గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి నెట్ దాటాలంటే కనీసం 5 డిగ్రీల పైకి బయల్దేరాలి. 8.4 డిగ్రీలు మించితే బయట పడుతుంది. అంటే మీకున్న సందు 3 డిగ్రీల పైన కొద్దిగా. వేగం 108కి పెరిగితే అది 1.6 డిగ్రీలకు తగ్గుతుంది. 126 దగ్గర అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే. 90 కిలోమీటర్ల వేగం దగ్గర బయల్దేరే కోణం ఒక డిగ్రీ మారితే బంతి పడే చోటు సుమారు 1.6 మీటర్లు జరుగుతుంది.

నిజమైన ఆటలో గాలి బంతిని నెమ్మది చేస్తుంది, టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగడం) దాన్ని కిందికి లాగుతుంది. అందువల్ల సందు ఇంతకంటే పెద్దదే. గట్టిగా కొట్టే వాళ్లలో ఎక్కువమంది టాప్‌స్పిన్ వేయడానికి కారణం కూడా ఇదే. అది లేకుండా ఆ వేగంలో బంతిని పదే పదే కోర్టులో ఉంచడం చాలా కష్టం.

ముఖమా, ఊపా: ఏది ఎంత?

చాలామంది గందరగోళపడేది ఇక్కడే. బంతి తీగల మీద ఉండేది 4, 5 మిల్లీసెకన్లు. ఆ కాసేపట్లో రెండు పనులు జరుగుతాయి. తీగలు తమ తలానికి లంబంగా బంతిని తోస్తాయి. రాకెట్ పైకో కిందికో కదులుతుంటే రాపిడి బంతిని ఆ వైపు కొద్దిగా లాగి తిప్పుతుంది. తోపు చాలా బలమైనది, లాగుడు దానికంటే చాలా చిన్నది. అందుకే బంతి, ముఖం చూస్తున్న దిశకు దగ్గరగా, ఊపు దిశ వైపు కొద్దిగా మొగ్గి వెళ్తుంది.

అంకెల్లో చెప్పుకుంటే, గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, 30 డిగ్రీల ఏటవాలుగా పైకి వెళ్తున్న రాకెట్‌తో ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతి వైపు షాట్; రెండో వైపుది బ్యాక్‌హ్యాండ్) కొడుతున్నారు, ఎదురు బంతి ఓ మోస్తరు వేగంతో నేలకు సమాంతరంగా వస్తోంది అనుకుందాం. ముఖం నిట్టనిలువుగా ఉంటే బంతి సుమారు 8 డిగ్రీల పైకి లేస్తుంది. 5 డిగ్రీలు క్లోజ్ చేస్తే 3 డిగ్రీలకు పడిపోతుంది. 5 డిగ్రీలు ఓపెన్ అయితే 12, 13 డిగ్రీలకు ఎగురుతుంది. ఇప్పుడు ముఖాన్ని నిలువుగానే ఉంచి ఊపు ఏటవాలును 30 నుంచి 20కి తగ్గించండి. బంతి 8 నుంచి 5కి మాత్రమే దిగుతుంది.

అంటే ముఖం ఒక డిగ్రీ మారితే బంతి దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. అదే మార్పు ఊపు దారితో తేవాలంటే 3 డిగ్రీలు మార్చాలి. నెట్‌కి తగులుతున్న బంతిని పైకి ఊపి సరిదిద్దబోతే స్పిన్ పెరుగుతుంది గానీ ఎత్తు అంతగా పెరగదు. పైగా మధ్యలో తగలని షాట్లు ఎక్కువవుతాయి. ఎత్తు ముఖంతో, స్పిన్ ఊపుతో: ఈ పని విభజన గుర్తుంటే సాధన సగం తేలికవుతుంది.

మొదటి మెట్టు: గ్రిప్

తగిలే క్షణంలో ముఖాన్ని మణికట్టుతో సర్దడం కుదరదు, అంత సమయం ఉండదు. కోణం గ్రిప్ (పిడిని పట్టుకునే తీరు) దగ్గరే మొదలవుతుంది. పిడికి 8 పలకలుంటాయి. రాకెట్ అంచు నేలను చూసేలా పట్టుకున్నప్పుడు పైన కనిపించేది 1వ పలక, అక్కడి నుంచి కుడికి లెక్కపెట్టాలి. చూపుడు వేలి మొదట్లో, అరచేతిని కలిసే చోట ఉన్న కణుపు 2వ పలక మీద ఉంటే కాంటినెంటల్, 3 మీద ఈస్టర్న్, 4 మీద సెమీవెస్టర్న్, 5 మీద వెస్టర్న్.

ఒక్కో గ్రిప్‌కి మణికట్టు మెలితిప్పకుండా ముఖం నిలువుగా నిలిచే చోటు ఒకటుంటుంది. కాంటినెంటల్‌కి అది శరీరం పక్కన, తక్కువ ఎత్తులో. ఈస్టర్న్‌కి ముందు తుంటికి కాస్త ముందు, నడుము ఎత్తులో. సెమీవెస్టర్న్‌కి ఇంకో జానెడు ముందు, నడుముకీ ఛాతీకీ మధ్య. వెస్టర్న్‌కి మరింత ముందు, ఛాతీ ఎత్తులో. మీ చోటు ఇలా కనుక్కోండి:

1. గోడకు ఎదురుగా ఫోర్‌హ్యాండ్ నిలుపులో నిలబడి, మీ రోజువారీ గ్రిప్‌తో తీగలను గోడకు పూర్తిగా ఆనించండి. పై అంచు, కింది అంచు రెండూ తగలాలి.
2. మణికట్టు బిగుసుకుంటే లేదా మోచెయ్యి పైకి లేస్తే మీరు తప్పు చోట ఉన్నారు. పాదాలను ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఎత్తు మారుస్తూ, చెయ్యి సుఖంగా ఉన్న చోటు పట్టుకోండి.
3. అక్కడి నుంచి రాకెట్‌ను గోడలోకి నెమ్మదిగా తోయండి. ఒళ్లంతా కలిసి తోయగలిగితే అదే మీ కాంటాక్ట్ పాయింట్.

సెమీవెస్టర్న్, వెస్టర్న్ వాళ్లకు మోకాలి ఎత్తు బంతులు నెట్‌లోకి పోవడానికి కారణం ఈ పరీక్షలో అర్థమవుతుంది. చెయ్యి కిందికి దించితే ఆ గ్రిప్‌లలో ముఖం తనంతట తానే క్లోజ్ అవుతుంది. దానికి మందు మణికట్టులో లేదు. మోకాళ్లు వంచి, శరీరాన్నే కిందికి దించాలి.

రెండో మెట్టు: చేతికి డిగ్రీలు నేర్పడం

రాకెట్‌ను కాంటాక్ట్ పాయింట్‌లో పెట్టి కళ్లు మూసుకోండి. ముఖం నిలువుగా ఉందనిపించే దగ్గర ఆపండి. తోడున్న వాళ్లు ఫోన్‌లోని లెవెల్ కొలతను తీగలకు ఆనించి అంకె చదవాలి. మొదటిసారి కొన్ని డిగ్రీలు తప్పడం మామూలే. కంగారు పడకండి, ఈ జ్ఞానం వేగంగా వస్తుంది. వరుసగా 0, 5 క్లోజ్డ్, 5 ఓపెన్, 15 ఓపెన్ పెట్టి చూడండి. రోజుకు 10 సార్లు చాలు. 2 డిగ్రీల లోపు తప్పుతో ఈ నాలుగూ పెట్టగలిగే దాకా వేగంగా కొట్టే సాధనకు వెళ్లవద్దు.

మూడో మెట్టు: షాట్ వారీగా కోణాలు

*టాప్‌స్పిన్ ఫోర్‌హ్యాండ్, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్.* తగిలే క్షణంలో 0 నుంచి 5 డిగ్రీలు క్లోజ్డ్, ఊపు 20 నుంచి 35 డిగ్రీలు పైకి. రాకెట్ వెనక్కి వెళ్లినప్పుడు తీగలు నేలను బాగా చూస్తూ ఉండటం మామూలే, ముందుకు వస్తూ వస్తూ ముఖం నిలువవుతుంది. వెనక భాగంలో ఎక్కువ క్లోజ్ అయిందని దిద్దబోయి కొందరు మంచి షాట్‌ను చెడగొట్టుకుంటారు. చూడాల్సింది తగిలే క్షణాన్ని మాత్రమే.

సాధనకు నెట్ పైన మీటరు ఎత్తులో రెండు కర్రల సాయంతో తాడు కట్టండి. బంతిని మీరే జారవిడిచి, సగం వేగంతో, నెట్‌కీ తాడుకీ మధ్య నుంచి 20 బంతులు పంపండి. తాడు పైనుంచి పోతే ముఖాన్ని కొద్దిగా క్లోజ్ చేయండి, ఊపు మాత్రం మార్చకండి. 20లో 15 సందులోంచి పోయాక వేగం కొంచెం పెంచండి. వేగం పెరిగాక బంతులు బయట పడితే ఊపు ఏటవాలు పెంచి, దానికి తగ్గట్టు ముఖాన్ని ఒకటి రెండు డిగ్రీలు క్లోజ్ చేయాలి. ఈ రెండూ జంటగా నడవాలి. ఊపు నిటారుగా చేసి ముఖాన్ని అలాగే వదిలేస్తే బంతి ఇంకా లేస్తుంది. ముఖం క్లోజ్ చేసి ఊపు చదునుగా ఉంచితే నెట్‌లో పడుతుంది.

*స్లైస్.* రాకెట్‌ను పైనుంచి కిందికి దించుతూ బంతిని వెనక్కి తిప్పే ఈ షాట్‌లో లెక్క తిరగబడుతుంది. రాకెట్ 15 నుంచి 20 డిగ్రీలు కిందికి దిగుతూ, ముఖం సుమారు 10 డిగ్రీలు ఓపెన్‌గా ఉంటే బంతి 4, 5 డిగ్రీల పైకి బయల్దేరి, వెనక్కి తిరిగే స్పిన్ వల్ల గాలిలో సాగుతూ పోయి తక్కువ ఎత్తులో లేస్తుంది. ముఖం నిలువుగా ఉంటే అదే ఊపు బంతిని నెట్‌లోకి దించుతుంది. 20 డిగ్రీలు ఓపెన్ అయితే బంతి 14 డిగ్రీల దాకా లేచి తేలిపోతుంది, ఎదుటివాళ్లు తీరిగ్గా వచ్చి కొట్టేస్తారు. స్లైస్ అంటే ముఖాన్ని బాగా తెరిచి బంతి కింద గీకడం అనుకోవడమే దీని మూలం. గీకొద్దు, బంతి వెనక భాగంలోకి చొచ్చుకుపోండి. తగిలాక రాకెట్ అంచు బంతి వెళ్లిన దారిలోనే ఒక జానెడు ప్రయాణించాలి.

*వాలీ.* బంతి నేలను తాకకముందే కొట్టే ఈ షాట్ అతి సున్నితమైనది. ఊపు దాదాపు లేదు కాబట్టి ముఖం చెప్పిందే బంతి వింటుంది. కదలని రాకెట్‌ను అడ్డం పెడితే ముఖంలో ఒక డిగ్రీ మార్పు బంతిని 2 డిగ్రీల పైనే మారుస్తుంది. అదే రాకెట్‌ను ముందుకు కొద్దిగా గుద్దితే ఆ ప్రభావం ఒకటిన్నర డిగ్రీ దగ్గరకు తగ్గుతుంది. వాలీని ముందడుగు వేసి గుద్దమని కోచ్‌లు పదే పదే చెప్పడంలో ఇంత లెక్క ఉంది. అడుగు వేయడం వల్ల బలం మాత్రమే వస్తుందనుకోకండి, తప్పుకు శిక్ష కూడా తగ్గుతుంది.

గ్రిప్ కాంటినెంటల్. భుజం ఎత్తు బంతికి ముఖం దాదాపు నిలువు, నడుము ఎత్తుకు 5 నుంచి 10 డిగ్రీలు ఓపెన్, మోకాలి ఎత్తుకు 15 నుంచి 20. కింది బంతికి రాకెట్ తలను వేలాడదీసి ముఖాన్ని ఆకాశానికి తిప్పేస్తే బంతి ఎత్తుగా లేచి ఎదుటివాళ్ల స్మాష్‌కు (తల పైనుంచి బలంగా కొట్టే షాట్‌కు) అందుతుంది. ఒళ్లు వంచి, రాకెట్ తలను మణికట్టు ఎత్తుకు దగ్గరగా ఉంచాలి.

*లాబ్, డ్రాప్ షాట్.* లాబ్‌కు (ఎదుటివాళ్ల తల మీదుగా ఎత్తుగా పంపే షాట్‌కు) 30 డిగ్రీల పైన ఓపెన్, ఊపు పైకి, పూర్తిగా. డ్రాప్ షాట్‌కు (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే షాట్‌కు) స్లైస్‌లాగే మొదలుపెట్టి చివర్లో ముఖాన్ని మరింత తెరిచి, వేగం చంపేయాలి. రెండింటిలోనూ ముఖాన్ని ముందే తెరిచి చూపించకపోవడం అసలు నేర్పు.

*సర్వ్.* పాయింట్‌ను మొదలుపెట్టే ఈ షాట్‌ను బాగా కిందికి కొట్టాలనే నమ్మకం ఎంతమంది సర్వ్‌లను నెట్‌లో పడేసిందో! 2.7 మీటర్ల ఎత్తులో తగిలి, గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఫ్లాట్ (స్పిన్ లేని) సర్వ్, గాలి నిరోధం లేకుండా లెక్కిస్తే, నేలకు సమాంతరమైన గీతకు 5.2 నుంచి 6.3 డిగ్రీలు కిందికి బయల్దేరాలి. సందు ఒక డిగ్రీ మాత్రమే. గాలి వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి అసలు సర్వ్ ఇంకాస్త పైకే బయల్దేరాలి. ముఖం నిలువు కంటే కొద్ది డిగ్రీలు మాత్రమే క్లోజ్ అవ్వాలన్నమాట. నెట్‌లో పడుతున్న సర్వ్‌కు తొలి చికిత్స బంతిని తల వెనక్కి కాకుండా, మరీ ముందుకూ కాకుండా వేయడం. బంతి మరీ ముందు పడితే ముఖం దాన్ని చేరే సరికి బాగా క్లోజ్ అయిపోతుంది. వెనక పడితే తెరుచుకునే ఉంటుంది, బంతి సర్వీస్ లైన్ (సర్వ్ పడాల్సిన పెట్టె చివరి గీత) దాటుతుంది. రెండో సర్వ్‌లో రాకెట్ పైకి వెళ్తుండగా బంతిని అందుకుని, వేగం తగ్గించకుండా స్పిన్ పెంచండి.

ఎదురు బంతి కూడా మాట్లాడుతుంది

టాప్‌స్పిన్‌తో వచ్చే బంతి ముందు భాగం కిందికి తిరుగుతూ వచ్చి తీగలను తాకుతుంది. తీగల రాపిడి దాన్ని పైకి నెడుతుంది. అందుకే ఎదుటివాళ్లు బలంగా టాప్‌స్పిన్ వేస్తుంటే మీ వాలీలు అనుకోకుండా లేచిపోతాయి. ముఖాన్ని 3 నుంచి 5 డిగ్రీలు క్లోజ్ చేసుకోండి. స్లైస్ వాలీకి వస్తే దీనికి విరుద్ధం, బంతి తీగల మీద కిందికి జారుతుంది, ముఖం కొద్దిగా తెరవాలి. నేల మీద పడి ఇంకా పైకి లేస్తున్న బంతిని కొట్టేటప్పుడు, హాఫ్ వాలీలో (నేలను తాకిన మరుక్షణమే కొట్టే షాట్‌లో) కూడా, పైకొచ్చే వేగమంతా మీ షాట్‌కు తోడవుతుంది. అక్కడ ముఖం నిలువు నుంచి కొద్దిగా క్లోజ్డ్.

పక్క దిశలోనూ ఇదే న్యాయం. ఫోర్‌హ్యాండ్ వైపు క్రాస్‌కోర్టు నుంచి (కోర్టుకు ఐమూలగా) వచ్చిన బంతిని క్రాస్‌కోర్టుకే తిప్పికొడితే బంతి తీగలకు దాదాపు ఎదురుగా తగులుతుంది, జారదు. దాన్ని పక్క గీత వెంట నేరుగా పంపాలంటే ముఖం కుడికి తిరగాలి, బంతి ముఖం చూసిన దిశకంటే ఇంకాస్త కుడికి జారుతుంది. ఒక డిగ్రీ తేడా అవతలి బేస్‌లైన్ దగ్గర 40 సెంటీమీటర్లు. అందుకే దిశ మార్చేటప్పుడు గీతకు మీటరు లోపల గురి పెట్టడం పిరికితనం కాదు, లెక్క.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడం

ఫోన్‌ను పక్క నుంచి, కాంటాక్ట్ ఎత్తులో, కోర్టుకు లంబంగా పెట్టి సెకనుకు 240 ఫ్రేముల వేగంతో తీయండి. ఒక్కో ఫ్రేముకు 4 మిల్లీసెకన్లు, అంటే బంతి తీగల మీద ఉండే కాలం దాదాపు ఒక ఫ్రేము. వేగంగా వచ్చే రాకెట్ ఆ ఫ్రేములో 10 సెంటీమీటర్లు కదిలిపోతుంది. మామూలు వీడియోలో ఆ క్షణం దొరకదు, అందులో చూసి తీర్మానాలు చేయవద్దు.

వీడియోలో ముఖం సరిగ్గానే ఉన్నా బంతి తప్పుతోందా? తీగల మధ్యగీతకు ఎక్కడ తగిలిందో చూడండి. మధ్యగీతకు కింద తగిలితే కింది అంచు వెనక్కి పోయి ముఖం క్లోజ్ అవుతుంది, బంతి నెట్ వైపు దిగుతుంది. పైన తగిలితే ముఖం తెరుచుకుని బంతి లేస్తుంది. చేతిలో రాకెట్ మెలితిరిగినట్టు అనిపిస్తే కోణం గురించి ఆలోచించడం మానేసి ముందు బంతిని మధ్యలో పట్టండి. పిడిని మరీ వదులుగా పట్టినా ఇదే జబ్బు పెరుగుతుంది.

ఒకే రకం తప్పు వరుసగా వస్తుంటే కారణం గ్రిప్ లేదా ముఖం. ఒకటి నెట్‌లో, ఇంకొకటి బయట పడుతుంటే కాంటాక్ట్ ముందు వెనకలవుతోంది, పాదాల పని చూడాలి. మొన్నటి దాకా బాగున్న షాట్లు ఈమధ్య అన్నీ పొడుగుపోతుంటే తీగలు అనుమానించండి. తీగల బిగువు సడలితే బంతి కాస్త ఎత్తుగా, పొడుగ్గా వెళ్తుంది. కొత్త తీగలు వేయాల్సిన చోట ఊపును మార్చుకుని కూర్చుంటే, మళ్లీ తీగలు మార్చిన రోజు అన్నీ నెట్‌లో పడతాయి.

మ్యాచ్ మధ్యలో ఇంత విశ్లేషణకు తావుండదు. బేస్‌లైన్ నుంచి కొట్టిన బంతి నెట్ పట్టీకి 20 సెంటీమీటర్ల కింద తగిలితే మీరు తప్పింది ఒక్క డిగ్రీ, రాకెట్ అంచు దగ్గర 4 మిల్లీమీటర్లు. చేతికి ఆ 4 మిల్లీమీటర్లు మార్చమని చెప్పకండి, అది వినదు. నెట్ పైన బంతి దాటాల్సిన చోటును కంటితో ఇంకో నాలుగు బంతుల ఎత్తు పైకి జరిపి, అదే ఊపు ఊపండి. తాడు కింద సాధన చేసిన చెయ్యి ముఖాన్ని తానే సర్దుకుంటుంది.